కారిడార్ కబుర్లు 9: మన ముచ్చట ఎవరి కంట పడుతుంది?



పోయిన భాగంలో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ టవర్లలో పనిచేసే హౌస్‌కీపింగ్ అక్కల జీతాల గురించి, మధ్యలో కాంట్రాక్టర్ కోసుకునే డబ్బు గురించి రాశాను. చదివినవాళ్ళు ఇన్‌బాక్స్‌లోకి వచ్చి అడిగింది మాత్రం వేరే ప్రశ్న. "అన్నా, ఇవన్నీ మేం ఎక్కడ మాట్లాడుకోవాలి? వాట్సాప్ సేఫేనా? టెలిగ్రామ్‌కి మారాలా? సిగ్నల్ అంటున్నారు, అదేంటి?"

అడిగినవాళ్ళలో మాదాపూర్‌లో టెస్టింగ్ ఉద్యోగం చేసే చెల్లె ఉంది. సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ చదివే తమ్ముడున్నాడు. నానక్‌రామ్‌గూడలో రాత్రి డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డు అన్న ఉన్నాడు. ముగ్గురి ప్రశ్న ఒకటే గానీ ముగ్గురి భయం ఒకటి కాదు. చెల్లెకు టీమ్ లీడ్ భయం. తమ్ముడికి పోలీసు భయం. గార్డు అన్నకు కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ భయం. అందరికీ ఒకే యాప్ పేరు చెప్పి చేతులు దులుపుకోవడం నాకు సాధ్యం కాలేదు. అందుకే ఈ భాగం మొత్తం దీనికే.

యాప్ పేరు అడిగేముందు మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మన ముచ్చట ఎవరి కంట పడితే మనకు నష్టం? ఆ కన్ను ఎవరిదో తేలితే ఏ యాప్ అన్నది సగం తేలినట్టే.

*

కబురు మోయడం మనకు కొత్త కాదు. ఊళ్ళో చావు కబురు పక్క ఊరికి మోసింది మన తాతలే. డప్పు కొట్టి చాటింపు వేసింది మనవాళ్ళే. తెలంగాణలో వెట్టి కింద దొర మాట, పటేల్ మాట ఎండనకా వాననకా కాలినడకన చేరవేసింది మనవాళ్ళే. దానికి కూలి లేదు. ఆ కబుర్లలో మన మాట ఒక్కటీ లేదు.

మన మాటను మనం మోసుకున్న రోజున చరిత్ర కదిలింది. 1985 జూలై 17న కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి నరికినప్పుడు, ప్రాణాలు దక్కినవాళ్ళు చీరాలకు పరుగెత్తారు. ఆ నోటి కబురు మీదే చీరాలలో శిబిరం నిలబడింది, దళిత మహాసభ పుట్టింది. అప్పుడు ఫోన్ లేదు, యాప్ లేదు. కబురు ఎవరు మోస్తున్నారో, ఎవరి దాకా మోస్తున్నారో వాళ్ళకు తెలుసు.

ఇవాళ మన కబురు మోసేది ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్. మోసేవాడు ఎవరో, దారిలో ఎవరు తొంగి చూస్తున్నారో మనకు తెలియదు. తెలుసుకోవాల్సింది అదే.

*

ముందు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అనే మాట. నువ్వు పంపిన మెసేజ్‌కు నీ ఫోన్‌లోనే తాళం పడుతుంది, అవతలివాళ్ళ ఫోన్‌లోనే ఆ తాళం తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్న యాప్ కంపెనీకి గానీ, సిమ్ కంపెనీకి గానీ అది అర్థంలేని అక్షరాల కుప్పలా కనిపిస్తుంది. వాట్సాప్ 2016 ఏప్రిల్ నుంచి అన్ని మెసేజ్‌లకూ ఈ తాళం వేస్తోంది. ఆ తాళాన్ని తయారుచేసింది సిగ్నల్ యాప్ వెనకున్నవాళ్ళే. కాబట్టి మాట వరకు వాట్సాప్ తాళం గట్టిదే.

కానీ ఉత్తరానికి కవరు కూడా ఉంటుంది. ఎవరు ఎవరికి రాశారు, ఎన్ని గంటలకు, ఎన్నిసార్లు, ఏ గ్రూపులో ఎవరెవరు ఉన్నారు. దీన్నే మెటాడేటా అంటారు. లోపలి ఉత్తరానికి తాళం వేసినా కవరు మీది రాత చాలావరకు బయటే ఉంటుంది. పైకులాల వాళ్ళకు ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు. వాళ్ళ గ్రూపులో ఎవరున్నారో తెలిస్తే వాళ్ళ ఉద్యోగం పోదు. మనకు మాత్రం చాలాసార్లు కవరే అసలు ఉత్తరం.

రాయదుర్గం వైపు ఒక పెద్ద కంపెనీ ఉంది. పేరు వద్దు. అందులో మనవాళ్ళు ఏప్రిల్ 14 జరుపుకుందామని వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. ఐదారుగురితో మొదలై నలభై దాటింది. అందులో రహస్యం ఏమీ లేదు. పూలదండ ఎవరు తెస్తారు, ట్యాంక్‌బండ్ దగ్గరికి ఎన్నింటికి పోదాం, ఇవే ముచ్చట్లు. ఒకరోజు ఎవరో సభ్యుల జాబితాను స్క్రీన్‌షాట్ తీశారు. అది చేతులు మారి ఒక మేనేజర్ ఫోన్‌లో పడింది.

ఆ నలభై మందిలో ఒక చెల్లె అప్పటికి ఆరేళ్ళుగా కులం చెప్పకుండా నెట్టుకొస్తోంది. ఇంటిపేరు అడిగితే మొదటి అక్షరం చెప్పి నవ్వేసేది. ఊరు అడిగితే జిల్లా పేరు చెప్పేది. జాబితా తిరిగాక ఆమెను ఎవరూ తిట్టలేదు. లంచ్ టేబుల్ దగ్గర కుర్చీలు మాత్రం మెల్లగా దూరం జరిగాయి. "నువ్వు కోటాలో వచ్చావా?" అని ఒకడు అడిగాడు, కోటానే లేని ప్రైవేట్ కంపెనీలో. ఆర్నెల్లకు ఆమె బెంగళూరు వెళ్ళిపోయింది. ఈ మొత్తంలో ఒక్క మెసేజ్ కూడా బయటికి పోలేదు. తాళం ఎక్కడా పగల్లేదు. పేర్ల జాబితా ఒక్కటే సరిపోయింది.

ఇది మాదాపూర్‌కే పరిమితమైన ముచ్చట కాదు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కో మీద వేసిన కేసులో ఒక కీలకమైన ఆరోపణ ఇలాంటిదే. ఒక దళిత ఇంజనీర్‌కు ఐఐటీలో సీటు రిజర్వేషన్ మీద వచ్చిందని పై అధికారి సహోద్యోగులకు చెప్పాడన్నది ఆ ఆరోపణ. సిస్కో దాన్ని ఒప్పుకోలేదు. ఇద్దరు ఇంజనీర్ల మీద కేసును 2023లో వెనక్కి తీసుకున్నారు. తీర్పు సంగతి ఎలా ఉన్నా, అక్కడ కొట్లాట అంతా ఒక మనిషి కులం అతని చేతిలోంచి ఎలా జారిపోయిందన్న దాని చుట్టూనే.

కాబట్టి మన గ్రూపుకు మొదటి పరీక్ష ఇది: సభ్యుల జాబితా ఎవరి కంట పడుతుంది? వాట్సాప్ మామూలు గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరూ మిగతా అందరి నంబర్లూ చూడగలరు. ఆ నంబరును ట్రూకాలర్‌లో కొడితే పేరు, కొన్నిసార్లు ఇంటిపేరు కూడా వస్తుంది. ఇంటిపేరు దొరికితే కులం వెతకడానికి మనవాళ్ళకు ఐదు నిమిషాలు పట్టదు. సిగ్నల్‌లో 2024 ఫిబ్రవరి నుంచి నంబరు దాచుకోవచ్చు. మన నంబరు ముందే సేవ్ చేసుకోని వాళ్ళకు అది కనిపించదు. యూజర్‌నేమ్ ఇచ్చి పరిచయం చేసుకోవచ్చు. నంబరు కొట్టి మనల్ని వెతికే వీలు లేకుండా సెట్టింగ్ కూడా ఉంది, దాన్ని మనమే మార్చుకోవాలి. వాట్సాప్ వదల్లేని చోట కమ్యూనిటీ అనౌన్స్‌మెంట్ గ్రూపు వాడండి. అందులో అడ్మిన్లకు తప్ప మిగతా సభ్యులకు ఒకరి నంబరు ఒకరికి కనిపించదు.

*

ఇక ఒక్కో కన్ను సంగతి.

ఆఫీసు కన్ను. కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ కంపెనీదే. అందులో వాట్సాప్ వెబ్ తెరిస్తే నీ గ్రూపుల పేర్లన్నీ ఆ తెర మీదకు తెచ్చి పెట్టినట్టే. ఆ మిషన్‌లో ఏ నిఘా సాఫ్ట్‌వేర్ ఉందో నీకు చెప్పరు. టీమ్స్, స్లాక్ లాంటివాటిలో నువ్వు ఒకరికే పంపిన మెసేజ్‌ను కూడా కంపెనీ కావాలనుకుంటే బయటికి తీయగలదు. జీతం, కులం, యూనియన్, వేధింపు: ఈ నాలుగు మాటలు ఆఫీసు మిషన్‌లో వద్దు.

కాంట్రాక్టర్ కన్ను ఇంకో రకం. గార్డులనూ హౌస్‌కీపింగ్ వాళ్ళనూ సొంత నంబరుతోనే వాట్సాప్ గ్రూపులో చేర్చుకుంటారు. అటెండెన్స్ సెల్ఫీ, లొకేషన్ అందులోనే. దాంతో సూపర్‌వైజర్‌కు నీ ఫోటో, నీ స్టేటస్ కూడా దొరుకుతాయి. యూనియన్ మీటింగ్ ఫోటో స్టేటస్‌లో పెట్టిన వారానికే డ్యూటీ పటాన్‌చెరు పక్కకు మార్చేశారని ఒక అన్న చెప్పాడు. ఆయనకు కావాల్సింది కొత్త యాప్ కాదు. స్టేటస్ ఎవరికి కనిపించాలో చెప్పే సెట్టింగ్‌లో సూపర్‌వైజర్ పేరు తీసేయడం. రెండు నిమిషాల పని. బాబాసాహెబ్ ఫోటో డీపీగా పెట్టుకోవడం మన హక్కు, పెట్టుకోండి. ఎవరికి కనిపించాలో కూడా మనమే నిర్ణయించుకోవాలి.

ఇంటి కన్ను. కులాంతర పెళ్ళి చేసుకున్న జంటలకు ఇదే అన్నిటికంటే ప్రమాదం. 2022 మే 4న సరూర్‌నగర్‌లో నాగరాజు అనే దళిత యువకుణ్ణి నడిరోడ్డు మీద, పెళ్ళాడిన అమ్మాయి కళ్ళముందే చంపారు. ఆమె అడ్డం పడింది, చుట్టూ ఉన్నవాళ్ళను వేడుకుంది. చంపినవాడు ఆమె అన్న. ఫోన్ ద్వారానే నాగరాజు ఎక్కడున్నాడో కనిపెట్టాడని పోలీసులు అప్పట్లో చెప్పారు. ఏ మెసేజింగ్ యాప్ తాళమూ ఇలాంటిదాన్ని ఆపలేదు. నీ గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ తెలిసినవాడు పోయిన ఫోన్‌ను వెతికే సౌకర్యంతో నువ్వు ఏ వీధిలో ఉన్నావో చూడగలడు. నీ ఫోన్ ఒక నిమిషం చేతికి దొరికితే తన లాప్‌టాప్‌ను నీ వాట్సాప్‌కు జోడించుకోగలడు. ఆ తర్వాత నీ ప్రతి మెసేజ్ అతనికి కూడా వస్తుంది.

ఇల్లు దాటి వచ్చిన జంటలకు నేను చెప్పేది ఇదే. ముందు కొత్త గూగుల్ ఖాతా తెరవండి. పాత ఖాతాను ఫోన్‌లోంచి తీసేయండి. లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్ళి తెలియనివన్నీ లాగౌట్ చేయండి. లొకేషన్ షేరింగ్ ఆపండి. వీలైతే ఫోనే మార్చండి. ఏ యాప్ అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.

రోడ్డు మీది పోలీసు కన్ను. 2021 అక్టోబరు చివర్లో హైదరాబాద్ పోలీసులు బండ్లు ఆపి, కుర్రాళ్ళ ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో "గంజాయి" అని వెతుకుతున్న వీడియోలు దేశమంతా తిరిగాయి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. చెప్పిన నాలుగేళ్ళకు మన రోడ్డు మీద పరిస్థితి ఇది. బస్తీ కుర్రాడి ఫోన్ అడిగినంత సులువుగా జూబ్లీహిల్స్ కుర్రాడి ఫోన్ అడుగుతారా అన్నది మీకే తెలుసు.

ఫోన్ తెరిచి చేతికిచ్చాక ఎండ్ టు ఎండ్ తాళానికి అర్థం లేదు. అది దారిలో దొంగ కోసం వేసింది. ఇప్పుడు మనిషి ఇంట్లోకే వచ్చేశాడు. ఇక్కడ పనికొచ్చేవి మూడు. వేలిముద్ర, ముఖం బదులు ఆరు అంకెల పాస్‌కోడ్, ఎందుకంటే నీ వేలిని పట్టుకుని ఫోన్ మీద పెట్టొచ్చు. యాప్‌కు విడిగా లాక్. గ్రూపులో డిసప్పియరింగ్ మెసేజెస్, అంటే నిర్ణీత సమయం తర్వాత మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు. లేని మెసేజ్‌ను ఎవరూ చదవలేరు.

రాజ్యం కన్ను. ఇది అన్నిటికంటే పెద్దది, అందరి మీదా ఒకేలా పడదు. 2019లో పెగాసస్ స్పైవేర్ సంగతి బయటపడ్డప్పుడు, వాట్సాప్ ద్వారా గురిపెట్టిన వాళ్ళలో ఆనంద్ తేల్తుంబ్డే ఉన్నారు, ఛత్తీస్‌గఢ్ దళిత కార్యకర్త డిగ్రీ ప్రసాద్ చౌహాన్ ఉన్నారు. వాట్సాప్ కాల్ ఒకటి వస్తే చాలు, ఎత్తకపోయినా ఫోన్‌లోకి దూరిపోయే రకం అది. తేల్తుంబ్డే 2020లో సరిగ్గా అంబేడ్కర్ జయంతి రోజున లొంగిపోవాల్సి వచ్చింది.

అదే భీమా కోరేగావ్ కేసులో మన హైదరాబాద్ వాసి వరవరరావు ఈమెయిల్ ఖాతా గురించి 2022 జూన్‌లో వైర్డ్ పత్రిక భద్రతా పరిశోధకులను ఉటంకిస్తూ ఒక కథనం రాసింది. ఆయన ఖాతాతో పాటు రోనా విల్సన్, హనీ బాబుల ఖాతాలకు కూడా కొత్తగా రికవరీ మెయిల్, ఫోన్ నంబరు చేరాయని, అవి పుణె పోలీసు అధికారి ఒకరితో ముడిపడి ఉన్నాయని. ఇవాళే మీ మెయిల్ సెట్టింగ్‌లో రికవరీ నంబరు ఎవరిదో చూడండి. చాలామంది తమ్ముళ్ళ మెయిల్‌కు ఇంటర్నెట్ సెంటర్ అతని నంబరు రికవరీగా ఉంటుంది, స్కాలర్‌షిప్ అప్లికేషన్ కోసం ఆయనే తెరిచాడు కాబట్టి.

మామూలు ఫోన్ కాల్, ఎస్ఎంఎస్‌ల సంగతి కూడా చెప్పాలి. తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ ఆరోపణల మీద 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో కేసు నమోదైంది. ఇంటెలిజెన్స్‌లో పనిచేసిన పోలీసు అధికారులే అందులో నిందితులు. మామూలు కాల్‌కు మనం చెప్పుకున్న తాళం ఉండదు. "ముఖ్యమైన ముచ్చట కదా, మెసేజ్ వద్దు, కాల్ చెయ్" అనే అలవాటు మనవాళ్ళలో చాలామందికి ఉంది. సిమ్ కాల్ కంటే సిగ్నల్ కాల్, కనీసం వాట్సాప్ కాల్ నయం.

*

ఇప్పుడు యాప్‌ల పేర్లు.

వాట్సాప్: మాటకు తాళం గట్టిది, కవరు మెటా కంపెనీ చేతిలో. గూగుల్ డ్రైవ్‌లోకి పోయే బ్యాకప్‌కు తాళం మనం విడిగా వేసుకోవాలి. 2021 నుంచి ఆ సౌకర్యం ఉంది, చాలామంది పెట్టుకోలేదు. మన అమ్మ, మన అక్క, మన వాడ అందరూ ఇందులోనే ఉన్నారన్నది దీని అసలు బలం. అడ్మిన్‌గా ఉన్న తమ్ముళ్ళకు ఒక మాట: సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్ తనంతట తానే నేరస్తుడు కాడని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. బెదిరిస్తే ఇది గుర్తుంచుకోండి.

టెలిగ్రామ్: రహస్యం అంటే ఇదే అని మన క్యాంపస్‌లలో ఎవరు పుట్టించారో గానీ అది నిజం కాదు. మామూలు చాట్‌లకు, గ్రూపులకు ఎండ్ టు ఎండ్ తాళం లేదు. సీక్రెట్ చాట్‌లో ఉంది, అది ఇద్దరి మధ్యనే. ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే 2022లో కొన్ని ఛానళ్ళ అడ్మిన్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఐపీ అడ్రసులు టెలిగ్రామ్ ఇచ్చింది. అది ఉగ్రవాదం కేసు కూడా కాదు, కోచింగ్ మెటీరియల్ కాపీరైట్ గొడవ. 2024 సెప్టెంబరులో, దాని అధిపతి పావెల్ దురోవ్ ఫ్రాన్స్‌లో అరెస్టయిన తర్వాత, చట్టబద్ధంగా అడిగితే నంబర్లు ఇస్తామని విధానంలోనే మార్చుకున్నారు. గ్రూప్-1 నోట్స్ పంచుకోవడానికి వాడుకోండి. కొట్లాట నడపడానికి వద్దు.

అరట్టై: 2025 సెప్టెంబరులో స్వదేశీ అని జనం ఎగబడినప్పుడు అందులో మెసేజ్‌లకు ఎండ్ టు ఎండ్ తాళం లేదు. యాప్ ఏ దేశానిదన్నది మన ప్రశ్న కాదు. తాళంచెవి ఎవరి దగ్గరుందన్నదే ప్రశ్న.

సిగ్నల్: లాభాపేక్ష లేని ఫౌండేషన్ నడిపేది. మాటకూ తాళం, కవరు మీద కూడా చాలా తక్కువ రాత. 2016లో అమెరికాలో గ్రాండ్ జ్యూరీ సమన్లు వస్తే సిగ్నల్ ఇవ్వగలిగింది రెండే వివరాలు: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు. మిగతావి వాళ్ళ దగ్గర లేవు కాబట్టి ఇవ్వలేదు. అయినా దీన్ని దేవుణ్ణి చేయొద్దు. ఖాతా తెరవాలంటే ఫోన్ నంబరు కావాలి, నంబరు కావాలంటే గుర్తింపు కార్డు ఇచ్చి సిమ్ కొనాలి. ఇలాంటి యాప్‌లు సిమ్ ఫోన్‌లో ఉంటేనే నడవాలని 2025 నవంబరులో టెలికం శాఖ ఆదేశాలిచ్చింది. యూజర్‌నేమ్ మనల్ని తోటి సభ్యుల నుంచి, మేనేజర్ నుంచి దాస్తుంది. సర్కారు నుంచి పూర్తిగా దాచదు.

బ్రయర్: ఇంటర్నెట్ లేకపోయినా బ్లూటూత్, వైఫైతో దగ్గరి ఫోన్ల మధ్య నడుస్తుంది. 2023 మేలో కేంద్రం నిషేధించిన 14 మెసేజింగ్ యాప్‌లలో ఇదీ ఉంది.

ఇంటర్నెట్ లేకపోవడం ఎక్కడో కశ్మీర్ ముచ్చట అనుకోకండి. రోహిత్ వేముల మనల్ని విడిచిపోయిన రెండు నెలలకు, 2016 మార్చి 22న వీసీ అప్పారావు తిరిగొచ్చినప్పుడు, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో లాఠీఛార్జి జరిగింది. విద్యార్థులను, ఇద్దరు అధ్యాపకులను చర్లపల్లి జైలుకు పంపారు. క్యాంపస్‌లో మెస్సులు మూశారు, నీళ్ళు ఆపారు, ఇంటర్నెట్ ఆపారు. చుట్టూ ప్రపంచానికే సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసులు. మధ్యలో విద్యార్థులకు నెట్ లేదు, బువ్వ లేదు. అలాంటి రోజున ఏ యాప్ మంచిదన్న చర్చ నవ్వులాటగా మిగులుతుంది. కాబట్టి ప్రతి హాస్టల్‌లో ఒక మనిషి, లాయర్ నంబర్లు కాగితం మీద, బయట ఎవరికి ముందు చెప్పాలో ముందే అనుకున్న ఒప్పందం. ఇది మన కారంచేడు పద్ధతే. దాన్ని వదులుకోవద్దు.

*

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం మీకు హాని చేస్తుంది.

భద్రత గురించి చెప్పేవాళ్ళంతా "అన్నీ చెరిపేయండి" అంటారు. మనం అన్నీ చెరపలేం. మనల్ని కులం పేరుతో తిట్టిన మెసేజ్ మన చేతిలో ఉన్న ఆయుధం. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నిలబడాలంటే సాక్ష్యం కావాలి. ఇంటర్నెట్‌లో చేసిన అవమానం కూడా ఈ చట్టం కిందికి వస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. కానీ సాక్ష్యం చెరిపేసుకుని ఫిర్యాదు రాస్తే స్టేషన్‌లోనే కాగితం పక్కన పడేస్తారు.

గచ్చిబౌలిలో పనిచేసే ఒక తమ్ముడు ఇలాగే నా దగ్గరికి వచ్చాడు. టీమ్ గ్రూపులో కులం పేరుతో జోకు వేశారు. అది చూసి వణికిపోయి గ్రూపులోంచి బయటికి వచ్చి చాట్ డిలీట్ చేశాడు. ఆ స్థితిలో ఎవరైనా చేసే పనే అది, అతన్ని తప్పుపట్టను. అదృష్టం కొద్దీ అదే గ్రూపులో ఉన్న ఒక స్నేహితురాలి ఫోన్‌లో అంతా ఉంది. ఆమె ముందుకొచ్చింది. అందరికీ అలాంటి స్నేహితురాలు దొరకదు.

కాబట్టి మన పద్ధతి రెండు చేతుల పద్ధతి. మనలో మనం మాట్లాడుకునేది ఒక వారం తర్వాత చెరిగిపోనివ్వండి. మన మీద వాళ్ళు రాసింది మాత్రం చెరగనివ్వకండి. చాట్ డిలీట్ చేయొద్దు, గ్రూపులోంచి తొందరపడి బయటికి రావొద్దు. స్క్రీన్‌షాట్‌లో పంపినవాడి నంబరు, తేదీ, గ్రూపు పేరు పడాలి. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకో చోట పెట్టండి. మెసేజ్ వచ్చిన అసలు ఫోన్‌ను అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి, అందులో హాష్ విలువ కూడా రాయాలి. అసలు ఫోన్ ఉంటే ఆ పని లాయర్ చూసుకుంటాడు. ఫోనే లేకపోతే స్క్రీన్‌షాట్ పట్టుకుని ఎంత ఏడ్చినా కష్టం.

*

చివరగా అక్క ఫోన్ గురించి.

సిద్దిఖ్‌నగర్‌లో ఉండే ఒక హౌస్‌కీపింగ్ అక్క ఫోన్ నేను చూశాను. కొడుకు వాడి ఇచ్చిన పాత ఆండ్రాయిడ్. అప్‌డేట్లు రావడం ఆగి చాలాకాలమైంది. స్టోరేజ్ నిండి కొత్త యాప్ ఎక్కదు. సాయంత్రం అదే ఫోన్‌లో మనవడు వీడియోలు చూస్తాడు. అక్కకు చదవడం రాదు, వాయిస్ మెసేజ్ వింటుంది, వాయిస్‌లోనే చెబుతుంది. తన జీతం ఎంత కోశారో, ఏ సూపర్‌వైజర్ ఏ మాట అన్నాడో ఆ గ్రూపు మొత్తానికి తెచ్చి చెప్పేది ఆ అక్కే.

మనం చదువుకున్నవాళ్ళం "అందరం సిగ్నల్‌కి మారాం" అని ప్రకటించుకున్న రోజున ఆ అక్క బయట మిగిలిపోతుంది. మళ్ళీ ఒక వాడ, మళ్ళీ ఒక ఊరు. భద్రత పేరుతో మనలోనే కొత్త మెట్లు కట్టుకున్నట్టు అవుతుంది. గ్రూపు భద్రత అందరికంటే బలహీనమైన ఫోన్ దగ్గరే తేలుతుంది కాబట్టి మన పని ఆ ఫోన్ దగ్గరికి పోయి మొదలుపెట్టాలి. పక్కన కూర్చుని స్టోరేజ్ ఖాళీ చేయండి, స్క్రీన్ లాక్ పెట్టండి, సిగ్నల్ ఎక్కిస్తే వాయిస్ మెసేజ్ ఎలా పంపాలో నాలుగుసార్లు చేయించండి. ఎక్కకపోతే వాట్సాప్‌లోనే ఉండండి. మీటింగ్ ఎప్పుడు, ఎక్కడ అన్నది అందులో. పేర్లు, ఫిర్యాదు, ముందు ఏం చేయబోతున్నాం అన్నది నలుగురు బాధ్యులున్న సిగ్నల్ గ్రూపులో, లేదా ఎదురెదురుగా కూర్చుని. కొన్ని ముచ్చట్లకు రాయదుర్గం మెట్రో కింద చాయ్ బండే సరైన యాప్. ఫోన్లు మాత్రం బ్యాగులో పెట్టి.

ఈ వారం మీ గ్రూపులో ఈ ఐదు పనులు చేసి కింద కామెంట్‌లో ఒక్క జై భీమ్ పెట్టండి. వివరాలు రాయొద్దు.

1. లింక్డ్ డివైసెస్ తెరిచి, తెలియనివి తీసేయండి.
2. వాట్సాప్‌లో టూ స్టెప్ పిన్, సిగ్నల్‌లో రిజిస్ట్రేషన్ లాక్ పెట్టండి. మీ పేరు మీద ఎవరైనా డూప్లికేట్ సిమ్ తీసినా ఖాతా అంత సులువుగా పోదు.
3. మెయిల్ రికవరీ నంబరు మీదేనా చూసుకోండి.
4. గ్రూపు సభ్యుల జాబితా మొత్తం ఒకసారి చదవండి. ఎవరో తెలియని నంబరుంటే అడగండి. జవాబు లేకపోతే తీసేయండి.
5. ఒక అక్క ఫోన్‌కు, ఒక అన్న ఫోన్‌కు ఇవన్నీ మీ చేత్తో చేసిపెట్టండి.

వచ్చే భాగంలో ఫోన్ జప్తు చేయడానికి వస్తే ఏం అడగాలి, ఏ కాగితం చేతిలోకి వచ్చాకే ఫోన్ ఇవ్వాలి అన్నది రాస్తాను. 2018 ఆగస్టు 28న ఇఫ్లూ ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇంట్లో జరిగిన సోదా దగ్గర మొదలుపెడదాం. దేవుళ్ళ ఫోటోలు లేకుండా ఫూలే, అంబేడ్కర్ ఫోటోలు ఎందుకున్నాయని ఆ రోజు తనను అడిగారని ఆయన చెప్పారు. ఆ ప్రశ్న అడిగిన కన్ను ఇప్పుడు మన ఫోన్ గ్యాలరీ వైపు చూస్తోంది.

జై భీమ్.